సి.ఎస్. సంతోష్: ఏడు డాకర్ ర్యాలీలు, మూడు ముగింపులు

సి.ఎస్. సంతోష్ పేరు తెలిసినవారికి సాధారణంగా రెండు విషయాలు గుర్తుంటాయి. ఒకటి, 2015లో మోటార్‌సైకిల్‌పై డాకర్ ర్యాలీ పూర్తిచేసిన తొలి భారతీయుడు. రెండు, 2021 జనవరిలో సౌదీ అరేబియా ఎడారిలో పడిపోయి, తలకు దెబ్బ తగిలి కోమాలో ఉన్న రైడర్. ఈ రెండు వార్తలకూ మధ్య ఆరేళ్ల దూరం ఉంది. ఆ ఆరేళ్లలో అతను ఏడు డాకర్‌లలో దిగాడు. మూడింటిలో గమ్యం చేరాడు: 2015లో 36వ స్థానం, 2017లో 47, 2018లో 34. మిగతా నాలుగుసార్లు దారిలోనే ఆగిపోయాడు.

అంకెలుగా చూస్తే ఇది గొప్ప రికార్డు కాదు. విజయం లేదు, పోడియం లేదు, తొలి 30 మందిలో కూడా లేడు. అయినా భారత మోటార్ స్పోర్ట్ గురించి ఎవరు రాసినా సంతోష్ దగ్గర కాసేపు ఆగక తప్పదు. అతనికి ముందు ఈ దేశంలో ‘ర్యాలీ రైడర్’ అనే వృత్తి ఒకటుందని కంపెనీలు గుర్తించలేదు. అతనితో పాటే అది జీతం, జట్టు, మెకానిక్‌లు ఉన్న ఉద్యోగంగా మారింది. ఆ ఉద్యోగంలో ప్రాణాలకు ఏ మేరకు పూచీ ఉంటుందో కూడా అతని ద్వారానే తెలిసింది.

బెంగళూరు మట్టి ట్రాక్‌లు

సంతోష్ 1983లో పుట్టాడు. ఊరు బెంగళూరు. మోటోక్రాస్, సూపర్‌క్రాస్‌లతో మొదలుపెట్టి జాతీయ చాంపియన్ అయ్యాడు. ఈ రెండూ మట్టి దిబ్బలు, గెంతులు, ఇరుకు మలుపులతో ఉండే మూసిన ట్రాక్‌పై జరిగే పోటీలు. రేసు కొన్ని నిమిషాల్లో అయిపోతుంది. ట్రాక్ ఎక్కడ వంపు తిరుగుతుందో రెండు ల్యాప్‌లలో శరీరానికి అలవాటవుతుంది.

భారత్‌లో సూపర్‌క్రాస్‌కు శాశ్వతమైన స్టేడియాలు లేవు. ఊళ్లో ఏదో ఒక మైదానం తీసుకుని, లారీలతో మట్టి తోలించి, ఒక వారాంతానికి ట్రాక్ కట్టి, తర్వాత చదును చేసేస్తారు. పై తరగతి పోటీలకు కావాల్సిన బైకులు విదేశాల నుంచి రావాలి. వాటి ధరకు దిగుమతి సుంకం తోడవుతుంది. ప్రైజ్ మనీతో విడిభాగాల ఖర్చు కూడా వెళ్లదు. కాబట్టి సంతోష్ తరానికి ముందు జాతీయ టైటిల్ గెలవడమంటే దాదాపు శిఖరం చేరడమే. అక్కడి నుంచి పైకి మెట్లు లేవు. ఏదో ఒక కంపెనీ జట్టులో కొన్నేళ్లు గడిపి, తర్వాత గ్యారేజో వ్యాపారమో చూసుకోవడం రివాజు.

అతను వేరే దారి పట్టింది ర్యాలీల వల్ల. రెయిడ్ ద హిమాలయ, డెజర్ట్ స్టార్మ్ అనే రెండు పోటీలు అప్పటికి దేశంలో దూరప్రయాణ ర్యాలీలకు పేరుపడ్డాయి. మొదటిది 1999 నుంచి హిమాచల్, లద్దాఖ్ కొండదారుల్లో జరుగుతూ వచ్చింది. రెండోది రాజస్థాన్ వైపు ఇసుకలో. రెండింటిలోనూ సంతోష్ ఒకటికంటే ఎక్కువసార్లు గెలిచాడు. చలి, ఎత్తు, ఆక్సిజన్ తక్కువగా ఉండే గాలి, గంటల తరబడి జీనుపై నిలబడి నడపడం వంటివి అక్కడే అలవాటయ్యాయి. అలవాటు కానిది పెద్ద ఇసుక తిన్నెలు. థార్‌లో తిన్నెలున్నా అరేబియా ద్వీపకల్పంలోని లీవా తిన్నెల ముందు అవి చిన్నవే. అక్కడ ఒక్కో తిన్నె బహుళ అంతస్తుల భవనమంత ఎత్తు లేస్తుంది. ఎక్కేటప్పుడు వేగం తగ్గితే చక్రం కూరుకుపోతుంది. వేగం తగ్గకుండా శిఖరం దాటితే అవతల ఏముందో కనిపించదు.

ఆ పాఠం అతనికి ఖరీదుగానే అబ్బింది. 2013లో అబుధాబి డెజర్ట్ చాలెంజ్‌లో పడిపోయినప్పుడు బైక్‌కు మంటలు అంటుకున్నాయి. మెడ దగ్గర కాలిన గాయాలయ్యాయి. చాలామంది అక్కడితో ఆపేసేవారు. సంతోష్ రెండేళ్లలోపే డాకర్ స్టార్ట్ ర్యాంప్ మీద ఉన్నాడు.

డాకర్ ఎందుకు వేరు

1978 డిసెంబర్ 26న పారిస్‌లో బయలుదేరి సెనెగల్ రాజధాని డాకర్ చేరాలన్న పోటీగా ఇది మొదలైంది. ఆలోచన తియరీ సబీన్ అనే ఫ్రెంచ్ రైడర్‌ది. ఎడారిలో దారి తప్పి బతికి బయటపడ్డ అనుభవం నుంచి అతనికి ఆ ఆలోచన పుట్టింది. మారిటేనియాలో భద్రతా ముప్పు కారణంగా 2008 పోటీ రద్దయింది. 2009 నుంచి 2019 వరకు దక్షిణ అమెరికాలో జరిగింది. 2020 నుంచి సౌదీలో జరుగుతోంది. పేరు మాత్రం డాకరే.

రోజుకో దశ చొప్పున రెండు వారాలు నడుస్తుంది. ఒక్కో దశలో రెండు భాగాలుంటాయి. గడియారం నడిచే పోటీ భాగాన్ని ‘స్పెషల్’ అంటారు. అక్కడికి చేరడానికీ, అక్కడి నుంచి రాత్రి బసకు వెళ్లడానికీ సాగే మామూలు రోడ్డు ప్రయాణం ‘లియేజన్’. కొన్ని రోజుల్లో లియేజనే వందల కిలోమీటర్లు. రైడర్ తెల్లవారుజామున చీకట్లో లేచి, చలిలో రెండు మూడు గంటలు హైవేపై నడిపి, అప్పుడు రేసు మొదలుపెడతాడు. బైక్ ఇంజన్ 450 సీసీ మించకూడదన్న నియమం 2011 నుంచి ఉంది. ట్యాంకుల్లో 30 లీటర్లకు పైగా పెట్రోలు నింపుకున్న ఆ బరువైన యంత్రాన్ని రాళ్ల మీద నిలబడి నడపాలి.

అన్నిటికంటే కష్టం దారి వెతుక్కోవడం. మనం ఫోన్‌లో చూసుకునే మ్యాప్ అక్కడ ఉండదు. హ్యాండిల్ ముందున్న చిన్న పెట్టెలో చుట్టగా కాగితం ఉంటుంది. దాన్ని రోడ్‌బుక్ అంటారు. ఈ మధ్య ముందు వరుస రైడర్లకు దాని స్థానంలో తెర వచ్చింది. ఎన్ని కిలోమీటర్ల దగ్గర ఏ మలుపు, దిక్సూచి ప్రకారం ఏ దిశ, ఎక్కడ గొయ్యి అన్నవి అందులో చిన్న బొమ్మలుగా ఉంటాయి. ప్రమాదాన్ని ఆశ్చర్యార్థక గుర్తులతో చెబుతారు. ఒకటంటే జాగ్రత్త, మూడంటే చాలా ప్రమాదం. గంటకు వంద కిలోమీటర్ల పైన వెళుతూ తల దించి బొమ్మ చదవాలి, తలెత్తి నేల చదవాలి. కారులోనైతే పక్కన నావిగేటర్ కూర్చుని ఆ పని చూసుకుంటాడు. బైక్ మీద ఇద్దరి పనీ ఒక్కరిదే. తల దించిన ఆ అర సెకనులోనే చాలా ప్రమాదాలు జరుగుతాయి. రోడ్‌బుక్‌లో రాయని రాయి కూడా ఒకటి ఎక్కడో ఉంటుంది.

మోటోక్రాస్ చాంపియన్ డాకర్‌లో మంచి రైడర్ అవుతాడన్న హామీ లేకపోవడానికి కారణం ఇదే. వేగం ఒక నైపుణ్యం, చదవడం ఇంకో నైపుణ్యం. ఎప్పుడు వేగం తగ్గించాలో తెలియడం మూడోది. ఇది మొదటి రెండింటికంటే ఆలస్యంగా వస్తుంది.

2015: ఉప్పు నేలపై

సంతోష్ తొలి డాకర్ 2015 జనవరి 4న బ్యూనస్ ఐరిస్‌లో మొదలైంది. అర్జెంటీనా, చిలీ, బొలీవియాల మీదుగా 9 వేల కిలోమీటర్ల పైచిలుకు దారి. అతని బైక్ కేటీఎం. వెనుక భారతీయ తయారీ సంస్థ ఏదీ లేదు. స్పాన్సర్లను తానే వెతుక్కుని వచ్చాడు.

ఆ ఏడాది మూడో దశలోనే పోలండ్ రైడర్ మిఖావ్ హెర్నిక్ చనిపోయాడు. శరీరం వేడిని తట్టుకోలేకపోవడమే కారణమని తేలింది. తర్వాత బొలీవియాలోని ఉయుని ఉప్పు మైదానం వచ్చింది. సముద్రమట్టానికి సుమారు 3,650 మీటర్ల ఎత్తున, 10 వేల చదరపు కిలోమీటర్లకు పైగా పరుచుకున్న తెల్లటి నేల అది. పొడిగా ఉంటే రన్‌వేలా ఉంటుంది. ఆ ఉదయం దానిమీద వర్షపు నీరు నిలిచి ఉంది. ఉప్పునీరు రేడియేటర్లలో గడ్డకట్టింది, వైరింగ్‌లోకి దిగింది. అప్పటిదాకా ముందంజలో ఉన్న స్పెయిన్ రైడర్ జోన్ బరేడా బైక్ మొరాయించి ఇంకో బైక్‌తో లాగించుకోవాల్సి వచ్చింది. టైటిల్ అవకాశం ఆ రోజే పోయింది. చివరికి మార్క్ కోమా గెలిచాడు. అతనికది ఐదో డాకర్.

బయలుదేరిన బైకుల్లో దాదాపు సగమే జనవరి 17న ముగింపు చేరాయి. వాటిలో 36వది సంతోష్‌ది. అనుభవజ్ఞులైన ఫ్యాక్టరీ రైడర్లు ఇంటిదారి పట్టిన రేసులో, మొదటిసారి వచ్చి, సొంతంగా డబ్బు కూడగట్టుకున్న రైడర్‌కు ఇది చిన్న ఫలితం కాదు. భారత పత్రికల్లో మాత్రం క్రీడా పేజీ అడుగున చిన్న వార్తగా వచ్చింది. క్రికెట్ ప్రపంచకప్‌కు నెల కూడా లేని రోజులవి.

2016లో మళ్లీ వెళ్లాడు. ఈసారి సుజుకీపై. పూర్తిచేయలేకపోయాడు.

కంపెనీ వచ్చింది

ఆ ఏడాదే అతని కెరీర్‌లో అసలు మలుపు వచ్చింది. హీరో మోటోకార్ప్ జర్మనీకి చెందిన స్పీడ్‌బ్రెయిన్ సహకారంతో ర్యాలీ జట్టు పెట్టింది. తొలి ఇద్దరు రైడర్లుగా పోర్చుగల్‌కు చెందిన జోక్విమ్ రోడ్రిగెజ్‌నూ సంతోష్‌నూ తీసుకుంది.

ఎడారి రేసింగ్‌తో హీరోకు ఏం పని అన్న ప్రశ్న సహజం. వంద సీసీ బైకులు లక్షల్లో అమ్మే కంపెనీ అది. జవాబు హోండాతో విడిపోయిన చరిత్రలో ఉంది. 2010 చివర్లో ఆ భాగస్వామ్యం ముగిశాక, ఇంజన్లు తామే తయారు చేయగలమని హీరో రుజువు చేసుకోవాల్సి వచ్చింది. 2016లో జైపూర్ దగ్గర పరిశోధన కేంద్రం తెరిచింది. ర్యాలీ జట్టు ఆ రుజువులో ఒక భాగం, ప్రచారంలో ఒక భాగం. 2019లో మార్కెట్లోకి వచ్చిన ఎక్స్‌పల్స్ 200 బైక్‌ను అమ్మడంలో ఆ ర్యాలీ పేరు బాగా పనికొచ్చింది. చెన్నై వైపు కంపెనీ టీవీఎస్ 2015 నుంచే ఫ్రాన్స్‌కు చెందిన షెర్కోతో కలిసి డాకర్‌లో ఉంది. అలా ఇద్దరు పోటీదారుల మధ్య దేశంలో తొలిసారి ర్యాలీ రైడర్లకు పని దొరికింది.

2017లో రోడ్రిగెజ్ 10వ స్థానంలో, సంతోష్ 47వ స్థానంలో వచ్చారు. కొత్త జట్టు తొలి ప్రయత్నంలో రెండు బైకులూ ముగింపు చేరడం అరుదు. 2018లో పెరూలో తొలి దశలోనే రోడ్రిగెజ్ పడిపోయి వెన్నెముకకు గాయమైంది. స్పెయిన్ కుర్రాడు ఓరియోల్ మెనా ఏడో స్థానం సాధించాడు. సంతోష్ 34వ స్థానంతో తన అత్యుత్తమ ఫలితం నమోదు చేశాడు.

ఈ వరుసలో ఒక సంగతి దాచలేం. ఒకే జట్టు, ఒకే తరహా బైక్. విదేశీ రైడర్లు తొలి పదిలో ఉంటే, భారతీయ రైడర్ ముప్పైల్లో ఉన్నాడు. ఇది ధైర్యం తేడా అనుకుంటే పొరపాటు. మెనా, రోడ్రిగెజ్‌ల వంటివారు పసివయసు నుంచే మోటోక్రాస్, ఎండ్యూరోలలో పెరిగి, యూరప్ పోటీల్లో ఏడాదంతా నడిపినవాళ్లు. సంతోష్ రోడ్‌బుక్ చదవడం నేర్చుకున్నది ముప్పై దగ్గరపడ్డాక. అంతర్జాతీయ ర్యాలీలు ఏడాదికి కొన్నే. జట్టులో అతని పాత్ర కూడా చాలాసార్లు గెలవడం కాదు, ముగింపు చేరడం. భారతీయ కంపెనీకి భారతీయ రైడర్ ముగింపు చేరడమే ఒక వార్త.

2019లో రేసు మొత్తం పెరూ ఇసుకలోనే జరిగింది. ఐదో దశలో సంతోష్ పడిపోయి తప్పుకున్నాడు. అదే ఏడాది టీవీఎస్ రైడర్ కె.పి. అరవింద్ 37వ స్థానంలో పూర్తిచేశాడు. ఉడుపి వైపు కుర్రాడైన అరవింద్‌కు అంతకుముందు రెండు డాకర్‌లు గాయాలతో పోయాయి. ఎడారిలో అంత శ్రమపడిన అరవింద్ పేరు కర్ణాటకలో ఇంటింటికీ తెలిసింది మాత్రం 2021లో కన్నడ బిగ్ బాస్‌లో రన్నరప్ అయ్యాక.

రియాద్, వాదీ అల్ దవాసిర్

2019లో హీరో జట్టులోకి పాలో గొన్సాల్వెస్ వచ్చాడు. పోర్చుగల్‌కు చెందిన గొన్సాల్వెస్ 2013 క్రాస్ కంట్రీ ర్యాలీ ప్రపంచ చాంపియన్. 2015లో, సంతోష్ తొలిసారి దిగిన ఆ డాకర్‌లోనే, రెండో స్థానంలో నిలిచాడు. జట్టు సభ్యుడు రోడ్రిగెజ్‌కు బంధువు కూడా.

2020 జనవరి 12న ఏడో దశ రియాద్ నుంచి వాదీ అల్ దవాసిర్‌కు. స్పెషల్‌లో 276వ కిలోమీటరు దగ్గర గొన్సాల్వెస్ పడిపోయాడు. వెనుక వస్తున్న ఆస్ట్రేలియా రైడర్ టోబీ ప్రైస్ ఆగి సాయం పట్టాడు. హెలికాప్టర్ వచ్చింది. ప్రాణం దక్కలేదు. గొన్సాల్వెస్ వయసు 40. మర్నాడు బైకుల దశను నిర్వాహకులు రద్దుచేశారు. హీరో జట్టు మొత్తం రేసు నుంచి వైదొలిగింది. సంతోష్ ఆరో డాకర్ అలా ముగిసింది, తాను పడకుండానే.

2021కి నిబంధనలు మారాయి. బైక్ రైడర్లందరికీ ఎయిర్‌బ్యాగ్ జాకెట్ తప్పనిసరి చేశారు. ప్రమాదకరమైన చోట్ల వేగానికి పరిమితి పెట్టారు. రేసు మొత్తానికి వెనుక టైర్లు ఆరే ఇచ్చారు. టైరు కాపాడుకోవాలంటే రైడర్ నెమ్మదించక తప్పదన్నది దాని వెనుక లెక్క. ఇవన్నీ మంచి మార్పులే. ఎయిర్‌బ్యాగ్ ఛాతీని, వెన్నును, మెడను కొంత కాపాడుతుంది. తలకు మాత్రం హెల్మెటే దిక్కు.

జనవరి 6న నాలుగో దశ. ఈసారి వాదీ అల్ దవాసిర్ నుంచి రియాద్‌కు, అంటే ఏడాది క్రితం గొన్సాల్వెస్ బయలుదేరిన ఊరికి. మొత్తం 813 కిలోమీటర్లు, అందులో స్పెషల్ 337. ఆ ఏడాది అన్నిటికంటే పొడవైన రోజు అదే. స్పెషల్ సగం కాకముందే సంతోష్ పడిపోయాడు. హెలికాప్టర్‌లో రియాద్ ఆసుపత్రికి తరలించారు. తలకు బలమైన గాయమని, వైద్యులు మందులతో కోమాలో ఉంచారని జట్టు ప్రకటించింది. అప్పటికి అతని వయసు 37.

జట్టులోని మిగతావాళ్లు ఈసారి రేసు ఆపలేదు. రోడ్రిగెజ్ 11వ స్థానంలో, జర్మనీకి చెందిన సెబాస్టియన్ బ్యూలర్ 14వ స్థానంలో పూర్తిచేశారు. ఆ నిర్ణయాన్ని తప్పుపట్టడం తేలిక. కానీ ఇది రేసింగ్ జట్లలో పాత ఆచారమే. ఒకరు మరణిస్తే ఆగుతారు, ఒకరు ఆసుపత్రిలో ఉంటే ఆయన పేరున నడుపుతారు. అదే రేసులో ఫ్రాన్స్ రైడర్ పియరీ షెర్పాన్ ఏడో దశలో పడి, స్వదేశానికి తీసుకెళుతుండగా ప్రాణాలు విడిచాడు. గాయపడిన తర్వాత తొలి గంటలోనే వైద్యం అందేలా రైడర్ దగ్గర ట్రాకర్, అత్యవసర బటన్, ఆకాశంలో వైద్య హెలికాప్టర్లు ఉంటాయి. తోటి పోటీదారు ఆగి సాయం చేస్తే పోయిన సమయాన్ని తిరిగి ఇస్తారు. ఈ ఏర్పాట్లతో కొందరు బతుకుతారు. అందరూ కాదు.

సంతోష్ బతికాడు. కోమా నుంచి బయటికి వచ్చి, తర్వాత భారత్ చేరాడు. మెదడు గాయం నుంచి కోలుకోవడం ఎముక అతుక్కోవడం లాంటిది కాదు. తేదీ చెప్పడం కుదరదు, ఎక్స్‌రేలో కనిపించదు. రైడర్ విషయంలో ఇంకో చిక్కుంది. అతని వృత్తికి కావాల్సింది కండబలం కంటే ముందు తూకం, చూపు, క్షణంలో తీసుకునే నిర్ణయం. దెబ్బ తగిలింది వాటన్నిటినీ నడిపే చోటే. ఆ ప్రమాదం తర్వాత అతను డాకర్‌లో దిగలేదు.

తర్వాత వచ్చినవాళ్లు

సంతోష్ ఆసుపత్రిలో ఉన్న ఆ 2021 రేసులోనే కేరళలోని షొర్నూర్‌కు చెందిన హరిత్ నోవా, షెర్కో టీవీఎస్ జట్టు తరఫున 20వ స్థానంలో నిలిచాడు. అప్పటికి భారతీయుడికి అదే అత్యుత్తమం. 2024లో హరిత్ 11వ స్థానం సాధించి, ర్యాలీ 2 తరగతి విజేత అయ్యాడు. 2025లో ప్రోలాగ్‌లోనే పడి చేతికి గాయంతో వెనుదిరిగాడు. బెంగళూరుకే చెందిన ఐశ్వర్య పిస్సే 2019లో బాహా ప్రపంచ కప్ మహిళల విభాగం గెలిచింది.

హీరో జట్టు కూడా ఎదిగింది. 2022లో రోడ్రిగెజ్ మూడో దశ గెలిచాడు. భారతీయ తయారీ సంస్థకు డాకర్‌లో అది తొలి దశ విజయం. 2024లో బోట్స్‌వానాకు చెందిన రాస్ బ్రాంచ్ రేసులో రెండో స్థానంలో నిలిచి, ఆ ఏడాది ప్రపంచ ర్యాలీ రెయిడ్ చాంపియన్ కూడా అయ్యాడు. బైక్ మీద భారతీయ కంపెనీ పేరు, ఎక్కింది బోట్స్‌వానా రైడర్. 2022 నుంచి 2025 దాకా హీరో డాకర్ జట్టులో ఒక్క భారతీయుడూ లేడు. గెలవాలనుకునే కంపెనీ గెలిచేవాళ్లను పెట్టుకుంటుంది, అందులో తప్పులేదు. కానీ ఆ కంపెనీ ఎడారిలోకి వచ్చిన తొలి రోజున వెంట తెచ్చుకున్న ఇద్దరిలో ఒకరు బెంగళూరు కుర్రాడు. ఆ స్థానంలోకి ఇంకొకరిని తయారుచేసే పని ఎవరూ పెద్దగా చేయలేదు.

ఆ పని చిన్న స్థాయిలో మొదలుపెట్టింది సంతోషే. ప్రమాదానికి చాలా ముందే బెంగళూరుకు తూర్పున కోలార్ వైపు ‘బిగ్ రాక్’ పేరుతో మట్టి ట్రాక్‌లున్న శిక్షణ కేంద్రం పెట్టాడు. కోలార్ జిల్లా ఆంధ్రప్రదేశ్ సరిహద్దును ఆనుకునే ఉంటుంది. ఊళ్లలో కన్నడతో పాటు తెలుగూ వినిపిస్తుంది. రోడ్డు మీద తప్ప ఎక్కడా బైక్ నడపనివాళ్లు అక్కడికి వచ్చి మట్టిలో ఎలా నిలబడాలో, ఎలా బ్రేక్ వేయాలో, పడిపోతే బరువైన బైక్‌ను నడుము పట్టేయకుండా ఎలా లేపాలో నేర్చుకుంటారు.